దేవుడికి తాకీదు

కుంభగిరి కోటకు ఏడు గుమ్మాలు. ఏడో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బొమ్మల తిప్పన్న గడ్డం ఎడమపక్క ఊడింది.

గడ్డం అతనిది కాదు. ఊరి బయట మేస్తున్న తెల్ల మేకది. దాన్ని చింతగింజల జిగురుతో అంటించుకుని, నుదుటి మీద మూడు వేళ్ల మందాన విభూతి పట్టించి, చంకలో తాటాకుల కట్ట ఇరికించుకుని, "ఉత్తర సముద్రం అవతలి నుంచి వచ్చిన తర్కపండితుణ్ణి" అని ఆరు గుమ్మాల దగ్గర ఆరుసార్లు అబద్ధమాడి ఇంతదూరం వచ్చాడు. ఆ తాటాకుల మీద ఉన్నది తర్కశాస్త్రం కాదు. తోలుబొమ్మలాటలో విదూషకుడు పాడే పాటలు. ఏ కాపలావాడైనా చదవమని అడిగివుంటే, అక్కడున్న ఆడవాళ్లు చెవులు మూసుకోవాల్సి వచ్చేది.

"ఏంది సామీ, గడ్డం జారతాంది?" అన్నాడు ఏడో గుమ్మం భటుడు.

"జ్ఞానం బరువు నాయనా. మోసేవాడికి తెలుస్తుంది" అని, గడ్డాన్ని అరచేత్తో అదుముకుంటూ తిప్పన్న లోపలికి పరుగెత్తాడు.

పరుగెత్తక ఏం చేస్తాడు? పొద్దు పడమటికి వాలింది. పొద్దుగుంకితే అతని పెళ్లాం ఓబులమ్మ నాలుక కోసేస్తారు. తెర వెనక నిలబడి ఆమె గొంతెత్తితేనే తిప్పన్న బొమ్మలకు ప్రాణం వచ్చేది. ఆ గొంతే పోతే మిగిలేది నాలుగు పెట్టెల తోలు.

జరిగింది ఇదీ. మూడు రోజుల కిందట రాజుగారి ఎదుట బొమ్మలాట ఆడుతుండగా, రాజగురువు ధూమ్రజటుడు తన ఉంగరం మూత తెరిచి, రాజుగారి పాలగిన్నెలో నల్లటి పొడి వొంపడం తెర సందులోంచి ఓబులమ్మ కంటబడింది. ఇంకొకరైతే ఆట అయ్యాక గుసగుసలాడేవారు. ఓబులమ్మ పాట మధ్యలోనే ఆపి, తెర దాటి ముందుకొచ్చి, గురువు మొహం మీదే చెప్పేసింది. కుంభగిరిలో నేరం మోపాలంటే ఇద్దరు సాక్షులుండాలి. "ఒకతెవు నువ్వు. రెండోవారెవరు?" అని అడిగారు. "దేవుడు చూసినాడు దొరా. ఆయనే సాక్షి" అంది ఓబులమ్మ.

ఏ ఊళ్లోనైనా బావి దగ్గర రోజుకు పదిసార్లు వినబడే మాటే. కానీ కుంభగిరి కొలువులో ఒక ఆచారం ఉంది. సాక్షిగా ఎవరి పేరు చెబితే వారిని మూడోనాటి పొద్దుగూకేలోపు తెచ్చి నిలబెట్టాలి. నిలబెట్టలేకపోతే పేరు పలికిన నాలుక కోతే. అందుకే అక్కడ పుట్టినవాళ్లు కొలువులో కన్నతల్లి పేరు కూడా పలకరు. ఓబులమ్మ పొరుగూరి మనిషి, ఆమెకేం తెలుసు? ముసలి ధర్మలేఖకుడు గంటం తీసి అప్పుడే రాసేశాడు: "రెండో సాక్షి దేవుడు. తండ్రి పేరు తెలియదు. కాపురం ఎక్కడో తెలియదు."

ఆ కొలువుకూటం చూడాలి! నూట ఎనిమిది స్తంభాలు. ఒకటి తేనెరంగు, ఒకటి నెమలికంఠం రంగు, ఒకటి పండిన మిరపకాయ రంగు. ప్రతి స్తంభానికీ రాతి ఏనుగులు, ఆ ఏనుగుల తొండాల్లో పచ్చల దీపాలు. పైకప్పు ఎంత ఎత్తంటే, తూర్పు కిటికీలోంచి దారితప్పి లోపలికొచ్చిన మబ్బుతునక ఒకటి, పడమటి కిటికీ దొరక్క మూడేళ్లుగా అక్కడక్కడే తిరుగుతోంది. దాని కింద పీట ఉన్న మంత్రిగారు గొడుగు వేసుకునే రాజకార్యాలు చూస్తాడు.

సింహాసనం మీద వజ్రబాహు మహారాజు. పేరు వజ్రబాహుడే గాని, ఆ నల్లపొడి పాలు తాగి తాగి, ఇప్పుడు విసనకర్ర ఎత్తాలన్నా ఆ చేతికి ఆయాసమే. పక్కనే ధూమ్రజటుడు. అతని తలమీద ఉన్నది జుట్టు కాదు, పొగ. జడలు జడలుగా పైకి లేచి, చివర్లు పాముల్లా తల తిప్పి చూస్తూంటాయి. ఎదురుగా స్తంభానికి గొలుసులతో ఓబులమ్మ. మూడు రోజులుగా తిండి లేకపోయినా ఆమె చూపులో ఎగతాళి తగ్గలేదు.

ఆమెను కాపాడాలని అప్పటికే ఇద్దరు పండితులు వచ్చి ఉన్నారు. మొదటాయన గొంతు సవరించుకుని, "కుండ ఉంటే కుమ్మరి ఉంటాడు కదా. లోకం ఉంది కనక లోకాన్ని చేసినవాడూ ఉన్నాడు" అన్నాడు.

"కుమ్మరిని చేసిందెవరు?" అన్నాడు ధూమ్రజటుడు.

"వాళ్లమ్మ!" అని జనంలోంచి ఒక ఆడగొంతు. కూటమంతా నవ్వింది. పండితుడు నోరు తెరిచేలోపు గురువు వేలు విదిల్చాడు. పండితుడు ఇత్తడి బిందెగా మారి, ఖణఖణమంటూ మెట్లమీద దొర్లిపోయాడు.

రెండో ఆయన ముందుకొచ్చాడు. "దేవుడున్నాడని శాస్త్రం చెప్పింది" అన్నాడు.

"శాస్త్రం నిజమని ఎవరు చెప్పారు?"

"దేవుడు."

"దేవుడున్నాడని?"

"శాస్త్రం."

మరుక్షణం ఆయన గానుగెద్దుగా మారి, లేని గానుగ చుట్టూ గిర్రున తిరగడం మొదలెట్టాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు గురువు.

తిప్పన్న ముందుకొచ్చి దగ్గాడు. ఆ దగ్గు వినగానే ఓబులమ్మ తల ఎత్తింది. గడ్డాన్నీ, విభూతినీ, తాటాకుల కట్టనూ పైనుంచి కిందికి చూసి, పెదవి కొరికి నవ్వు ఆపుకుంది.

"స్వామీ, నేను రుజువు చెయ్యడానికి రాలేదు. ఒక్క సందేహం అడిగిపోదామని వచ్చాను. దేవుడు లేడని తమరికి ఎలా తెలుసు?"

"ఎలా తెలుసా?" ధూమ్రజటుడి జడలు బుసకొట్టాయి. "పద్నాలుగు లోకాలూ ఈ కళ్లతో వెతికినవాణ్ణి! పాతాళంలో పుట్టలు తవ్వించాను. స్వర్గంలో పరుపులు దులిపించాను. సూర్యుడి గుర్రాల గిట్టల కింద కూడా చూశాను. ఎక్కడా లేడు!"

ఆ మాటలన్నీ ధర్మలేఖకుడు వరసగా రాసుకున్నాడు. గురువు గొంతు తగ్గించి, రాజువైపు తిరిగి తియ్యగా నవ్వాడు. "అయినా ఏలికా, ఈ ఆడది పేరు చెప్పిన సాక్షిని పిలవలేదన్న నింద మనకెందుకు? నా మంత్రంతో నేనే పిలుస్తాను. ఉంటే వస్తాడు."

చేతులు చాచాడు. కిటికీలన్నీ ధడధడా మూసుకున్నాయి. అతని జడలు ఊడిపడి, అల్లుకుని, కూటానికి అడ్డంగా తెల్లటి పొగతెర అయ్యాయి. తెర వెనక వెలుగు పుట్టింది. ఆ వెలుగులో ఒక మూర్తి లేచింది. తాటిచెట్టంత ఎత్తు, నాలుగు చేతులు, కిరీటంలో వేల రత్నాల తళతళ, పాదాల దగ్గర ఎర్రటి తామరలు. మోకాలొకటి కదిలితే గాలి వీచింది.

"నేను దేవుణ్ణి" అంది ఆ మూర్తి, ఉరిమినట్టు. "ఓబులమ్మ చెప్పింది అబద్ధం. గురువు పాలల్లో ఏమీ కలపలేదు. నేను చూశాను."

కూటంలో ఉన్నవాళ్లంతా నేలమీద బోర్లా పడ్డారు. గొడుగు మంత్రి గొడుగుతో సహా పడ్డాడు. రాజుగారు సింహాసనం దిగబోయి దిగలేకపోయాడు. గురువు కాక నిలబడ్డది ఇద్దరే. ఓబులమ్మకు గొలుసులడ్డం. గొలుసులు లేకపోయినా ఆమె వంగేది కాదనుకోండి. తిప్పన్నకు అడ్డం అతని వృత్తే. తెరమీద బొమ్మ కనబడితే చాలు, దాని లోపాలు వెతకడం అతనికి తాతలనాటి జబ్బు.

ఆ కిరీటంలో మెరిసేవి రత్నాలు కావు. తోలుకు పొడిచిన చిల్లులు. వాటిలోంచి వెనక వెలుగు తొంగిచూస్తోంది. మోచేతి దగ్గర ముడి. పైగా ఆ తోలు మందం! దేవుళ్ల బొమ్మకు జింకతోలు పలచగా గీకి వాడతారు. ఇది మేకతోలు, సరిగ్గా గీకను కూడా లేదు. తిప్పన్నకు భయం కంటే ముందు కోపం వచ్చింది.

"స్వామీ!" అని అరిచాడు. "తమ దివ్యముఖం పక్కనుంచే కనబడుతోంది. ఒక్కసారి ఇటు, నా వైపు తిరిగి చూడండి!"

మూర్తి తడబడింది. కుడివైపు చూస్తున్నది గిరుక్కున ఎడమవైపు చూసింది.

"అటు కాదు స్వామీ, ఎదురుగా!"

ఎడమవైపు చూస్తున్నది మళ్లీ కుడివైపు చూసింది. పడుకున్నవాళ్లలో కొందరు తలలెత్తారు. బొమ్మ ఆ పక్క, ఈ పక్క, ఆ పక్క, ఈ పక్క గిలగిల్లాడింది గాని ఎదురుగా తిరగలేకపోయింది.

తిప్పన్న ఒక్క ఉరుకున పొగతెరలోకి దూకాడు. కళ్లు మండాయి, గడ్డానికి నిప్పంటుకుంది. దాన్ని పీకి అవతల పారేశాడు. తెర వెనక, దూలానికి తలకిందులుగా వేలాడుతూ ఒక పిశాచం. రెండు చేతులా పుల్లలు, పుల్లల చివర జానెడు తోలుబొమ్మ, బొమ్మ వెనక మంత్రదీపం. పిశాచం పళ్లు బయటపెట్టి మీదికి దూకింది. తిప్పన్న తాటాకుల కట్ట తీసి దాని నోట్లో కుక్కాడు. అది నమిలి, పాటల్లోని మాటలు కడుపులోకి దిగేసరికి సిగ్గుతో ఎర్రబడి, కిటికీ బద్దలుకొట్టుకుని పారిపోయింది. పగటివెలుగు లోపలికి దూకింది. పొగతెర చిరిగి, పీలికలు పాక్కుంటూ గురువు తలమీదికి చేరాయి. తిప్పన్న బొమ్మను ఎత్తి జనానికి చూపించాడు.

"ఇదిగో మీ దేవుడు! మేకతోలు!"

కూటం భగ్గుమంది. "గురువర్యా, ఇదేమిటి?" అన్నాడు రాజు, నీరసంగానే అయినా మొదటిసారి గట్టిగా.

ధూమ్రజటుడు జంకలేదు. పకపకా నవ్వాడు. "పరీక్ష పెట్టాను ఏలికా! జానెడు మేకతోలు చూపిస్తే ఇంతమంది బోర్లా పడ్డారు. వీళ్ల తాతలు మొక్కిన దేవుణ్ణి ఏ మేక ఇచ్చిందో ఎవరికి తెలుసు? ఓరి బొమ్మలవాడా, నా దేవుడు అబద్ధమని తేల్చావు, శభాష్. ఇప్పుడు నీ దేవుడు నిజమని తేల్చు. పొద్దు ఇంకా బారెడుంది."

తిప్పన్న చేతిలోని బొమ్మను దించాడు. బొమ్మను పట్టుకోవడం అతనికి తెలుసు. బొమ్మ కానిదాన్ని ఎలా పట్టి చూపించాలో అతనికి తెలియదు. కూటంలో అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి.

"తేల్చం పోరా!"

అరిచింది ఓబులమ్మ. గొలుసులు ఘల్లుమన్నాయి. "ఆయన ఉన్నాడని నీకు రుజువు చేసేదానికి ఆయనేమన్నా సంతలో గొడ్డా? పలుపు పట్టుకుని లాక్కొచ్చి, పళ్లు చూపించి, తోకెత్తి చూపించాల్నా? నీకోసం నేను ఆయన్ని పిలవలా. పాలల్లో పొడి కలిపేటప్పుడు ఎవురూ చూడలేదనుకుంటివే, చూసేటోడు ఒకడున్నాడని నీ మొగాన చెప్పినా, అంతే! ఇంకా చెప్తా. నాలికున్నంతసేపూ చెప్తా. కోసినాక చేతులూపి చెప్తా. చేతులు నరికితే కళ్లురిమి చెప్తా. రా, కొయ్యి!"

అని గురువుకు నాలుక బారెడు చాపి చూపించింది.

తలారి కత్తి పట్టుకుని కదిలాడు. తిప్పన్నకు చెమటలు కారి విభూతి కళ్లలోకి దిగింది. అతని చూపు ధర్మలేఖకుడి మీద పడింది. ఆ ముసలాయన శిక్షాపత్రం రాయడానికి గంటం నూరుకుంటున్నాడు.

"తాతా!" అన్నాడు తిప్పన్న. "మాబోటి పొరుగూరివాళ్లు సాక్షి చెప్పాల్సొస్తే? నడిచొచ్చేదానికే పది రోజులు పట్టేవాళ్లు ఉంటారు కదా. వాళ్లకూ మూడు రోజులేనా?"

ధర్మలేఖకుడు గంటం ఆపాడు. నలభై ఏళ్లుగా ఆయన్ను ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. మొహం వెలిగిపోయింది. "ఎందుకవుతుంది నాయనా! దూరదేశపు సాక్షికి గడువు వేరే. ఆమడకు ఒక రోజు. మూడో తాళపత్రం, ఏడో పంక్తి."

"మరి ఈ సాక్షి కాపురం ఎంత దూరం?"

ముసలాయన పత్రాలు తిరగేశాడు. "రాజగురువులు సెలవిచ్చినట్టు రాసుకున్నాను. పద్నాలుగు లోకాలూ వెతికారు, లేడు. అంటే..." కళ్లు చికిలించి పైకప్పు కింది మబ్బువైపు చూశాడు. "పద్నాలుగు లోకాలకు అవతల. నాయనా, ఆ ఆమడలకు మా దగ్గర అంకెలు లేవు."

రాజుగారు నవ్వాడు. ఎన్నాళ్లుగానో నవ్వక, ఆ నవ్వు దగ్గులా మొదలై, నవ్వుగా తేలి, సింహాసనాన్ని ఊపింది. జనం ఈలలు వేశారు. తలారి కత్తి దించి, తనూ నవ్వచ్చా లేదా అని అటూ ఇటూ చూశాడు.

ధూమ్రజటుడి మొహం నల్లబడింది. కానీ అతనూ చట్టం చదివినవాడే. "మంచిది. ఎనిమిదో పంక్తి కూడా చదవండి" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ధర్మలేఖకుడు గొంతు తగ్గించి చదివాడు. గడువు అడిగినవాడే ఈ పొద్దు గూకేలోపు తాకీదు పట్టుకుని బయలుదేరాలి. సాక్షి చేతికి తానే అందించాలి. దారిలో అతను చస్తే, గడువు ఆ క్షణంతో సరి.

రాజుగారు తాకీదు మీద ముద్ర వేశాడు: "దేవుడు అనువారికి. మీరు చూసినది కుంభగిరి కొలువునకు వచ్చి చెప్పవలెను." గురువు గాలిలోంచి ఒక తెల్లకలువ తీసి ఓబులమ్మ చేతిలో పెట్టాడు. తిప్పన్న ఊపిరి ఆగితే ఆ కలువ వాడుతుంది. కలువ వాడితే తలారి కత్తి లేస్తుంది.

"దొరా, అంతదాకా ఎవురిచ్చిన పాలూ తాగొద్దు. నీ చేత్తో నువ్వే పితుక్కో" అంది ఓబులమ్మ. రాజుగారు బుద్ధిగా తల ఊపాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. "మావా, ఆ గడ్డం నీకేం బాగలేదు."

"కాలిపోయిందిలేవే."

"మంచిదాయె. ఆయన కనపడితే, రుజువు అడిగింది నేను కాదని చెప్పు. ఈ పొగతలకాయోడని చెప్పు."

తిప్పన్న తల ఊపాడు.

"నడిచి ఎప్పటికి చేరతావు? నా పక్షి మీద పో" అని గురువు ఈల వేశాడు. కోట బురుజు మీద గండభేరుండం వాలింది. బురుజు సగం అణిగిపోయింది. ఒక్కో రెక్క ఒక్కో ఊరికి పందిరి వెయ్యగలంత. ఒకే మెడ మీద రెండు తలలు, రెండు తలలకూ పడదు. తాకీదు మొలలో దోపుకుని తిప్పన్న దాని వీపు ఎక్కాడు. అది ఎగిరింది. ఎంత వేగంగా ఎగిరిందంటే, గుంకబోతున్న సూర్యుడు వెనక్కి నడిచి మళ్లీ నడినెత్తికి వచ్చాడు. ఉప్పుసముద్రం ఒక రెక్కవిసురు, పాలసముద్రం ఒక రెక్కవిసురు. మేఘాల మీద మొసళ్లు ఎండకు పడుకుని ఉన్నాయి. ఇంద్రధనుస్సు ఆరేసి ఉన్న దండెం కింద నుంచి తల వంచుకుని దాటారు. పదమూడు లోకాలు కిందికి జారిపోయాయి.

పద్నాలుగో లోకం అంచున కుడితల వెనక్కి తిరిగింది. "ఎక్కడికి పోతున్నావు మానవా?"

"దేవుడి దగ్గరికి. తాకీదు ఇవ్వాలి."

"అబ్బో, లేనివాడికి తాకీదా!" అంది కుడితల.

"లేడని నీకెవడు చెప్పాడే మొద్దుమొహమా?" అంది ఎడమతల.

"ఉంటే నిన్ను నా పక్కన పుట్టించేవాడా?"

"ఉన్నాడు కనకే నీ ముక్కు ఇంకా పొడిచెయ్యకుండా ఓర్చుకుంటున్నా!"

రెండు తలలూ పొడుచుకున్నాయి. రెక్కలు గతి తప్పాయి. తిప్పన్న ఈకలు పట్టుకుని వేలాడుతూ, "అమ్మల్లారా, కొట్లాట దిగినాక పెట్టుకోండి!" అని మొత్తుకున్నాడు. తలలు రెండూ ఒక్కసారి ఆగి, ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వెయ్యేళ్లలో మొదటిసారి వాటికి ఒక విషయంలో పొత్తు కుదిరింది.

"వీణ్ణి వదిలేద్దాం" అంది కుడితల.

"దేవుడుంటే పట్టుకుంటాడు" అంది ఎడమతల.

"లేకపోతే?"

"ఆ సంగతీ తేలిపోతుంది."

"ఆగండి!" అని గర్జించాడు తిప్పన్న. "నేను మీ పందేనికి పావును కాను! నేను చచ్చినంత మాత్రాన ఆయన లేడని కాదు, బతికినంత మాత్రాన..."

పక్షి ఒళ్లు విదిల్చింది. ఈకలు పిడికిట్లోనే ఉన్నాయి, పక్షి లేదు.

పడ్డాడు. గాలి చెవుల్లో ఏనుగుల మందలా అరిచింది. దేవుణ్ణి పిలుద్దామని నోటిదాకా వచ్చింది. కానీ కుంభగిరి కలువ గుర్తొచ్చింది, ఓబులమ్మ చాపిన నాలుక గుర్తొచ్చింది, పళ్లు బిగించాడు. నా ఊపిరి నేనే నిలుపుకుంటాను అనుకున్నాడు. చేతిలోని రెండు ఈకలూ, ఒక్కోటి ఇంటి తలుపంత ఉన్నాయి, రెండు చంకల కింద ఇరికించుకుని, కొంగలా కాళ్లు చాచాడు. పడటం కాస్త నిదానించింది. గాలి ఈకలకు తగిలి, అతన్ని పద్నాలుగో లోకం అంచు దాటించి అవతలికి తోసింది. ఆ తర్వాత తెల్లటి పొగమంచు. దానిలోంచి పల్టీలు కొడుతూ పోయి, మెత్తటి నేల మీద దబ్బున పడ్డాడు.

ఒళ్లంతా తడుముకున్నాడు. తల ఉంది, కాళ్లున్నాయి, మొలలో తాకీదు ఉంది. నేల మాత్రం వింతగా ఉంది. వెచ్చగా ఉంది. ఎండిన కాలువల్లా మూడు పెద్ద గాడులు దాని మీద అడ్డంగా పోతున్నాయి. కాళ్ల కింద ఎక్కడో లోతున, నెమ్మదిగా, నగారా మోగినట్టు ఒక అదురు. చుట్టూ పొగమంచులో ఐదు కొండలు, నాలుగు ఒక పక్క, ఒకటి విడిగా.

ఆ కొండలు కదిలాయి.

అది నేల కాదు. అరచెయ్యి. ఐదు వేళ్లూ మెల్లగా, మీదికి ముడుచుకుంటున్నాయి.

రాక్షసుడో, దేవుడో, మరింకెవరో, పైన మంచులో మొహం కనబడటం లేదు. తిప్పన్న లేచి నిలబడి, మొలలోంచి తాకీదు లాగి, రెండు చేతులా తలమీదికెత్తి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా ఈ చెయ్యిగలాయన? ముందు పేరు చెప్పు! దేవుడివైతే కుంభగిరి కొలువు నుంచి నీకు తాకీదు వచ్చింది, తీసుకుని చేవ్రాలు పెట్టు. కాకపోతే చెయ్యి తియ్యి, నేను పోవాల్సిన ఆమడలు ఇంకా ఉన్నాయి!"

అతని తలకు జానెడు ఎత్తున వేళ్లు ఆగిపోయాయి.